కొట్టండి, భయపెట్టండి, పంపించేయండి: పిల్లల విషయంలో వినకూడని ఎనిమిది సలహాలు

ఇంట్లో పిల్లాడు బీరువాలో డబ్బు తీశాడని తెలిసినా, బడికని చెప్పి ఇంకెక్కడో తిరుగుతున్నాడని కబురొచ్చినా, ఎవరినో కొట్టి గొడవ తెచ్చినా ముందుగా గుమ్మంలోకి వచ్చేవి సలహాలే. మేనమామ ఒకటి చెబుతాడు, ట్యూషన్ మాస్టారు ఒకటి చెబుతారు, పక్కింటి పెద్దాయన ఇంకొకటి చెబుతారు. చెప్పేవాళ్ళలో చెడ్డ ఉద్దేశం ఉండదు. కంగారులో ఉన్న తల్లిదండ్రులు ఆ పూటకి చేయగలిగినదేదో దాన్నే పట్టుకుంటారు.

వీటిలో చాలా సలహాల్ని పరిశోధకులు ఎక్కడో ఒకచోట పరీక్షించి చూశారు. పిల్లల్ని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా వెంట ఉండి గమనించారు. కొన్ని పనిచేయవని తేలింది. కొన్నైతే అసలేమీ చేయకుండా ఊరుకున్నదానికంటే ఎక్కువ చెరుపు చేస్తాయని తేలింది. మన ఇళ్ళల్లో, బడుల్లో తరచుగా వినిపించే అలాంటి ఎనిమిదింటిని ఇక్కడ వరసగా పెడుతున్నాను. ఒక్కొక్కటీ ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయొచ్చో కూడా చెబుతాను. నేరాల్లో పట్టుబడే మైనర్లలో అత్యధికులు అబ్బాయిలే కాబట్టి ఎక్కువగా వాళ్ళ గురించే రాస్తున్నాను.

1. "నాలుగు తగిలించండి, వాడే దారికొస్తాడు"

దండం దశగుణం భవేత్ అని సంస్కృతాన్ని తోడు తెచ్చుకుని మరీ చెప్పే సలహా ఇది. దెబ్బ పడగానే పిల్లాడు ఆగుతాడు కాబట్టి ఇది నిజమనిపిస్తుంది. ఆ ఆగడాన్నే మనం మార్పు అనుకుంటాం. వాడు నేర్చుకున్నది మాత్రం ఒకటే: ఈసారి నాన్న కంట పడకూడదని.

అమెరికాలో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ అనే పరిశోధకులు యాభై ఏళ్ళ అధ్యయనాల్ని ఒకచోట చేర్చి 2016లో ఒక సమీక్ష ప్రచురించారు. అందులో లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల వివరాలున్నాయి. వాళ్ళు చూసింది ఒళ్ళు హూనమయ్యేలా బాదడాన్ని కాదు, మనం "ఒక్కటిచ్చాను" అని తేలిగ్గా చెప్పుకునే దెబ్బని. ఆ దెబ్బలు తినే పిల్లల్లో దూకుడు, మొండితనం, పదిమందికీ ఇబ్బంది కలిగించే ప్రవర్తన ఎక్కువగా కనిపించాయి. అల్లరివాళ్ళే కదా దెబ్బలు తినేది అని ఎవరైనా అడగొచ్చు. మొదట్లో ఎవరికెంత అల్లరి ఉందో లెక్కలోకి తీసుకుని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాల్లో కూడా దెబ్బలు తిన్నవాళ్ళ ప్రవర్తన తర్వాత ఇంకాస్త చెడిందనే తేలింది.

అక్కడే ఆరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ పాటర్‌సన్ అనే పరిశోధకుడు ఇళ్ళల్లో జరిగే గొడవల్నే దగ్గరుండి గమనించాడు. తల్లి ఒక పని చెబుతుంది, పిల్లాడు విసుక్కుంటాడు. ఆమె అరుస్తుంది, వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. చివరికి ఎవరో ఒకరు విసిగిపోయి "సరే పో" అంటారు. గొంతు పెంచినవాడిదే గెలుపని వాడికి ఇంట్లోనే అర్థమవుతుంది. ఆ పాఠంతోనే వాడు బడికి వెళ్తాడు, అక్కడా దాన్నే ప్రయోగిస్తాడు.

బడిలో అయితే కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం, పిల్లల బాధ్యత తమ చేతిలో ఉన్నవాళ్ళు వాళ్ళని కొట్టి హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు.

దీని బదులు: ఇంట్లో నియమాలు తక్కువ పెట్టండి, పెట్టినవి ఎప్పుడూ ఒకేలా అమలు చేయండి. చెప్పిన వేళకి ఇంటికి రాకపోతే మర్నాడు ఆటకి పంపనని ముందే చెప్పి, అలాగే చేయండి. నాన్న దగ్గర ఒక న్యాయం, తాతయ్య దగ్గర ఇంకో న్యాయం లేకుండా చూసుకోండి. శిక్ష పెద్దదై ఉండక్కర్లేదు. చేసిన పనికి ఫలితం ఉందని పిల్లాడికి ప్రతిసారీ తెలిస్తే చాలు.

2. "ఒక్కసారి పోలీస్ స్టేషన్ చూపించండి, భయం పుడుతుంది"

తెలిసిన కానిస్టేబుల్ ఉంటే చాలు, పిల్లాడిని తీసుకెళ్ళి "కాస్త బెదిరించండి సార్" అని అడిగే తల్లిదండ్రులు ఊరూరా ఉన్నారు. ఈ ఆలోచన మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో న్యూజెర్సీలోని రాహ్‌వే జైల్లో యావజ్జీవ ఖైదీల చేత దారి తప్పుతున్న కుర్రాళ్ళని భయపెట్టించే కార్యక్రమం నడిచింది. దాని మీద 1978లో తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా వచ్చింది. ఖైదీలు మీద పడి అరుస్తుంటే కుర్రాళ్ళు వణకడం తెర మీద చూసి జనం మెచ్చుకున్నారు. చాలా రాష్ట్రాలు ఆ పద్ధతినే అందుకున్నాయి.

తర్వాత ఆంథొనీ పెట్రొసినో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఇలాంటి తొమ్మిది ప్రయోగాల ఫలితాల్ని కలిపి చూశారు. జైలుకి తీసుకెళ్ళి భయపెట్టిన పిల్లలు, తీసుకెళ్ళని పిల్లలకంటే ఎక్కువగా నేరాల్లోకి వెళ్ళారు. ఊరికే వదిలేసి ఉన్నా అంతకంటే మేలు జరిగేది.

కారణాలు ఊహించడం కష్టం కాదు. భయం కొద్దిరోజులే నిలుస్తుంది. నలుగురి ముందూ తలదించుకున్న పిల్లాడికి తన మీద తనకున్న గౌరవం పోతుంది, తన తోటివాళ్ళ దగ్గర మాత్రం స్టేషన్ చూసొచ్చినవాడన్న పేరు వస్తుంది. అప్పటిదాకా వాడికి తెలియని ఒక లోకం తలుపు మనమే తీసినట్టవుతుంది.

దీని బదులు: వాడు దొంగిలించిన వస్తువు ఎవరిదో వాళ్ళ దగ్గరకి మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. వస్తువు తిరిగి ఇప్పించండి, క్షమాపణ చెప్పించండి, నష్టం జరిగి ఉంటే వాడి చేతిఖర్చులోంచి నెలనెలా కట్టించండి. ఇది స్టేషన్‌కి వెళ్ళడం కంటే కష్టమైన పని. ఎవరికి నష్టం చేశాడో ఆ మనిషి ముఖం వాడికి కనిపించేది ఇందులోనే.

3. "హాస్టల్లో పడేయండి, వాళ్ళే దారిలో పెడతారు"

చదువు కోసం హాస్టల్‌కి పంపడాన్ని నేను తప్పుపట్టడం లేదు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య ఎన్ని వేల పేద కుటుంబాల రాత మార్చిందో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. అది పిల్లలకి ఒక అవకాశంగా మొదలైంది. ఇంట్లో వేగలేక, శిక్షగా, బ్యాగు సర్ది పంపేయడం వేరు. ఆ పిల్లాడికి అర్థమయ్యేది ఒకటే: అమ్మానాన్నలు నన్ను వదిలించుకున్నారని.

పైగా అలాంటి పిల్లలందర్నీ ఒకచోట చేరిస్తే ఏమవుతుందో తెలిపే ఆధారాలున్నాయి. 1939లో అమెరికాలోని బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో ఒక పెద్ద ప్రయత్నం మొదలుపెట్టారు. 506 మంది అబ్బాయిల్ని తీసుకుని సగం మందికి సలహాదారుల్ని, వైద్యాన్ని, ట్యూషన్లని, వేసవి శిబిరాల్ని ఏళ్ళ తరబడి అందించారు. మిగతా సగాన్ని మామూలుగా వదిలేశారు. ముప్పై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ళలో దాదాపు అందర్నీ వెతికి పట్టుకుని చూస్తే, సాయం పొందినవాళ్ళ పరిస్థితే కొన్ని విషయాల్లో అధ్వాన్నంగా ఉంది. ఆమె ఇంకా తరచి చూస్తే, ఒకటికి మించిసార్లు వేసవి శిబిరాలకి వెళ్ళినవాళ్ళ దగ్గరే ఆ చెరుపు ఎక్కువగా కనిపించింది.

అక్కడేం జరుగుతుందో థామస్ డిషియన్ పరిశోధన చెబుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళు తమ స్నేహితులతో కూర్చుని మాట్లాడుకోవడాన్ని ఆయన వీడియో తీయించాడు. నియమాలు మీరిన కథలు చెప్పినప్పుడు పక్కవాళ్ళు నవ్వి ప్రోత్సహించిన జంటల్లో తర్వాతి ఏళ్ళలో అలాంటి పనులు పెరిగాయి. పదిమంది తుంటరుల్ని ఒక గదిలో ఉంచితే వాళ్ళు ఒకరికొకరు ప్రేక్షకులవుతారు. ఆ చప్పట్ల ముందు ఒక్క వార్డెన్ మాట ఎంతని వినిపిస్తుంది?

దీని బదులు: పిల్లాడిని బుద్ధిగా నడుచుకునే గుంపులో కలపండి. ఊళ్ళో కబడ్డీ జట్టు, స్కౌట్స్, ఎన్‌సీసీ, తబలా క్లాసు, బాబాయి మెకానిక్ షెడ్డు, ఏదైనా సరే. పెద్దవాళ్ళు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, మిగతా పిల్లల్లో ఎక్కువమంది మామూలు పిల్లలై ఉండాలి. ఈ రెండూ ఉంటే చాలు. హాస్టల్ తప్పనిసరైతే వారం వారం వెళ్ళి చూడండి, మార్కుల సంగతి చివర్లో అడగండి.

4. "టీసీ చేతిలో పెట్టి పంపించేయండి, మిగతా పిల్లలు పాడవుతారు"

ఈ సలహా బడికి ఇచ్చేది. స్టాఫ్ రూమ్‌లో, తల్లిదండ్రుల సమావేశంలో వినిపిస్తుంది. మిగతా పిల్లల గురించిన ఆందోళన నిజమైనదే. తోటివాణ్ణి గాయపరిచే పిల్లాడు ఉంటే వాళ్ళని కాపాడాల్సిందే. కానీ టీసీతో సమస్య బడి గేటు దాటుతుందే తప్ప తీరదు. పగలంతా ఏ పనీ లేని పిల్లాడిగా బజారులో తేలుతుంది.

విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడిలోంచి తీసేయడానికి వీల్లేదు. 2019లో చేసిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవాళ్ళని ఆపడానికి అవకాశమిచ్చింది గానీ తీసేయడానికి ఇవ్వలేదు. అసలు ప్రమాదం తొమ్మిదిలో మొదలవుతుంది. పదో తరగతి ఫలితాల శాతం కోసం, "మీవాడు పాసవడు, మీరే తీసుకెళ్ళి ఇంకెక్కడైనా చేర్చండి" అని చెప్పే బడులున్నాయి. బయటికి పంపకపోయినా మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టి, చివరి సెక్షన్‌కి ఏ టీచరూ ఇష్టంగా వెళ్ళని చోట్లున్నాయి. ఆ సెక్షన్లో కూర్చున్న పిల్లలకి తమ మీద బడికి ఆశ లేదన్న సంగతి మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

దక్షిణ లండన్‌లో 1961లో ఎనిమిది, తొమ్మిదేళ్ళున్న 411 మంది అబ్బాయిలతో డొనాల్డ్ వెస్ట్ మొదలుపెట్టి, డేవిడ్ ఫారింగ్టన్ దశాబ్దాల పాటు కొనసాగించిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలిసినది. తర్వాత నేరాల్లోకి వెళ్ళినవాళ్ళలో చిన్నప్పుడే కనిపించిన గుర్తుల్లో చదువులో వెనకబడటం ఒకటి. ట్రావిస్ హిర్షి అనే సామాజికశాస్త్రవేత్త 1969లో చెప్పిన సంగతి కూడా అదే: బడి మీద, టీచర్ల మీద మమకారం ఉన్న పిల్లాడికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, అదే వాడిని ఆపుతుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతని కొట్టడానికి సాకుగా వాడుకుంటారు. చిన్న వయసులో అందించే చదువు ఎంత దూరం పనిచేస్తుందో చూపే ఉదాహరణకి ఆ సామెత బాగా సరిపోతుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఊళ్ళో 1962లో పేద నల్లజాతి కుటుంబాల పిల్లల కోసం పెర్రీ ప్రీస్కూల్ మొదలైంది. అధ్యయనంలో ఉన్నవాళ్ళు 123 మంది. మూడు నాలుగేళ్ళ పిల్లలకి మంచి బాలవాడి, దాంతోపాటు టీచరు వారానికోసారి ఇంటికి వెళ్ళి తల్లితో కూర్చోవడం, ఇంతే అందులో ఉన్నది. నలభై ఏళ్ళు వచ్చేసరికి ఐదుసార్లు గానీ అంతకు మించి గానీ అరెస్టయినవాళ్ళు, ఆ బడికి వెళ్ళనివాళ్ళలో 55 శాతం ఉంటే వెళ్ళినవాళ్ళలో 36 శాతమే. ఆ టీచర్లు నేరాల గురించి ఒక్క పాఠమూ చెప్పలేదు.

దీని బదులు: పిల్లాడు వరసగా మూడురోజులు రాకపోతే క్లాస్ టీచర్ ఇంటికి ఫోన్ చేయాలి, వీలైతే వెళ్ళాలి. చదవడం రాని తొమ్మిదో తరగతి పిల్లాడికి ముందు చదవడం నేర్పాలి. తొమ్మిదేళ్ళు బడిలో కూర్చుని ఒక పేరా కూడబలుక్కోలేని పిల్లాడు తన సిగ్గుని అల్లరితో కప్పుకుంటాడు. వాడికి రోజుకి అరగంట విడిగా కేటాయించే టీచరు ఒక్కరున్నా సగం అల్లరి దానంతట అదే తగ్గుతుంది.

5. "మనవాడు బంగారం, ఆ పక్కవీధి కుర్రాడే చెడగొట్టాడు"

పక్కవీధి ఇంట్లోనూ సరిగ్గా ఇదే మాట అనుకుంటూ ఉంటారు. స్నేహాల ప్రభావం చాలా పెద్దదే, పైన డిషియన్ గురించి చెప్పింది కూడా అదే. తప్పెక్కడంటే, ఈ మాట అన్నాక తల్లిదండ్రులు చేసేది ఏమీ ఉండదు. "వాడితో తిరిగావంటే కాళ్ళు విరగ్గొడతా" అని బెదిరిస్తారు. ఆ స్నేహం ఆగదు, మన కళ్ళ ముందు నుంచి తప్పుకుంటుంది.

పిల్లలు నేరాల వైపు వెళ్ళడానికి ఇంటికి సంబంధించిన కారణాల్లో అధ్యయనం తర్వాత అధ్యయనంలో పైకి తేలేది పర్యవేక్షణ లేకపోవడం. అంటే సీసీ కెమెరా పెట్టడం అని కాదు. పిల్లాడు ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, ఎన్నింటికొస్తాడు అన్న మూడు ప్రశ్నలకి ఇంట్లో ఎవరో ఒకరికి జవాబు తెలిసి ఉండటం. పొద్దున ఏడింటికి పనికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వచ్చే తల్లిదండ్రులకి ఇది కష్టమని తెలుసు. అందుకే ఈ పని అమ్మమ్మతో, పిన్నితో, పక్కింటివాళ్ళతో, ట్యూషన్ అక్కతో పంచుకోవాలి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లాడు ఎవరి కళ్ళ ముందు ఉంటాడో ముందే అనుకుని పెట్టుకోవాలి.

గంజాయి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఇప్పుడది కాలేజీల చుట్టూనే కాదు, హైస్కూళ్ళ చుట్టూ కూడా తిరుగుతోంది. పిల్లలకి మత్తుపదార్థాలు, మద్యం, పొగాకు ఇచ్చినవాళ్ళకి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష ఉంది. పొట్లాలు మోయడానికి, అమ్మడానికి పిల్లల్ని వాడుకున్నవాళ్ళకి 78వ సెక్షన్ కింద కూడా అంతే. పిల్లాడి దగ్గర పొట్లం దొరికితే, ఇచ్చినవాడు ఎవరన్నది ముందు వెయ్యాల్సిన ప్రశ్న.

దీని బదులు: ఆ స్నేహితుల్ని ఇంటికి పిలవండి. పేర్లు, ఇళ్ళు, వాళ్ళ అమ్మానాన్నల ఫోన్ నంబర్లు తెలుసుకోండి. ఆ కుర్రాడి తల్లితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఇద్దరు తల్లులూ ఒకరి మీద ఒకరు నింద మోపడం మానేసి ఒకే వేళ పెట్టుకుంటే, పిల్లలిద్దరూ ఆ వేళకి ఇంటికొస్తారు.

6. "మగపిల్లాడు, ఆ మాత్రం ఉంటుందిలే, వయసొస్తే వాడే మారతాడు"

దీంట్లో సగం నిజముంది, అందుకే ఇది ప్రమాదకరం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనిస్తున్నారు. ఆ అధ్యయనంలో పనిచేసిన టెరీ మోఫిట్ 1993లో ఒక తేడా చూపించింది. కొద్దిమందిలో మూడు నాలుగేళ్ళ వయసు నుంచే దూకుడు ఉండి పెద్దయ్యాకా కొనసాగుతుంది. చాలా ఎక్కువమంది మాత్రం పదమూడు, పద్నాలుగేళ్ళకి మొదలుపెట్టి ఇరవై దాటేసరికి మానేస్తారు.

అయితే వదిలేయొచ్చా? మోఫిట్ ఇంకో మాట కూడా చెప్పింది. కొద్దికాలమే దారి తప్పినవాళ్ళని కూడా కొన్ని ఉచ్చులు పట్టేసుకుంటాయి. మత్తు అలవాటు, ఆగిపోయిన చదువు, పోలీసు కేసు, ప్రమాదం. వయసొచ్చేలోపు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జరిగితే, మారాలనుకున్నా మారే దారి మూసుకుపోతుంది.

బండి విషయమే చూడండి. పదో తరగతి పిల్లాడికి నాన్న మోటార్ సైకిల్ ఇవ్వడం ఊళ్ళల్లో మురిపెంగా చూసే సంగతి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలల పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2024 మేలో పుణెలో పదిహేడేళ్ళ కుర్రాడు ఖరీదైన కారు నడుపుతుండగా జరిగిన ప్రమాదంలో ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. తర్వాత రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణ మీద ఆ కుర్రాడి తల్లిదండ్రులూ వైద్యులూ కూడా అరెస్టయ్యారు. తాళాలు చేతిలో పెట్టే ముందు చనిపోయిన ఆ ఇద్దరి ఇళ్ళని తలుచుకోండి.

ఆడపిల్లల వెంటపడటం, వాళ్ళ ఫొటోలు పంచుకోవడం కూడా ఈ "ఆ మాత్రం"లో కలిపేస్తున్నారు. అవతలి పిల్ల బడి మానేసే పరిస్థితి వస్తుంది. ఆమె మైనరైతే, పిల్లలపై లైంగిక నేరాల్ని అరికట్టే పోక్సో చట్టం కింద కేసు పడొచ్చు. మగపిల్లాడు కాబట్టి మినహాయింపు అని ఇంట్లో విన్న పిల్లాడికి, వద్దు అన్న మాట బయట వినిపించదు.

దీని బదులు: చిన్న తప్పుని చిన్నగా ఉన్నప్పుడే పట్టించుకోండి. అమ్మాయికి పెట్టిన నియమమే అబ్బాయికీ పెట్టండి. లైసెన్సు వచ్చేదాకా సైకిలూ బస్సూ చాలు. ఐదారేళ్ళ వయసులోనే రోజూ కొట్టుకుంటూ, జంతువుల్ని హింసిస్తూ ఉంటే ఆగకుండా పిల్లల మానసిక వైద్యుల దగ్గరకి తీసుకెళ్ళండి. 14416 అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరుకి (టెలి మానస్) ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగొచ్చు.

7. "ఎంతైనా ఇచ్చి కేసు లేకుండా చేయండి, భవిష్యత్తు పాడవుతుంది"

ఈ సలహా చట్టం తెలియక వచ్చిన భయంలోంచి పుడుతుంది. మైనరు కేసు అనగానే జైలు, కోర్టు బోను, జీవితాంతం మచ్చ అనుకుంటారు. ఏం జరుగుతుందో తెలిస్తే ఈ భయం చాలావరకు పోతుంది.

పద్దెనిమిది నిండని పిల్లవాణ్ణి లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. పోలీసులు 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. అందులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒక్కరైనా మహిళ అయి ఉండాలి. బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. బయటికెళ్తే నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి విఘాతమనో అనుకుంటేనే ఆపుతారు. ప్రొబేషన్ అధికారి ఇల్లూ బడీ చూసి నివేదిక ఇస్తారు. తప్పు చేశాడని తేలితే మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రుల పూచీ మీద ప్రొబేషన్ లాంటివి ఉంటాయి. ప్రత్యేక గృహానికి పంపితే గరిష్ఠంగా మూడేళ్ళు. పదహారు దాటినవాళ్ళు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ ఉంటే మాత్రం మండలి ముందుగా మదింపు చేసి, పెద్దవాళ్ళలా విచారించాలా అన్నది తేలుస్తుంది. 2012లో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచార ఘటన తర్వాత వచ్చిన మార్పు ఇది.

అలా పెద్దవాళ్ళలా విచారించి దోషిగా తేల్చిన కేసులు తప్ప, మిగతావాళ్ళకి ఆ నేరం వల్ల ఎలాంటి అనర్హతా ఉండదు. అప్పీలు గడువు తీరాక రికార్డుల్ని నాశనం చేయాలని బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. పిల్లాడి పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. కాలనీ వాట్సాప్ గ్రూపులో "ఈ దొంగని గుర్తుపెట్టుకోండి" అని మైనరు ఫొటో తిప్పడం ఈ సెక్షన్‌తో చెలగాటమే.

భవిష్యత్తుని పాడుచేసేది దొంగచాటు సర్దుబాటే. డబ్బుంటే దేన్నైనా దాటొచ్చని పదహారేళ్ళకే నేర్చుకున్నవాడు తర్వాత ఎక్కడ ఆగుతాడు? పేదింటి పిల్లాడి విషయంలో ఇది తలకిందులవుతుంది. "నీకు వయసు తక్కువ, నువ్వు ఒప్పుకో" అని పెద్దవాళ్ళు తమ నేరాన్ని వాడి మీద పెడతారు. పిల్లల్ని నేరాలకి వాడుకునే పెద్దవాళ్ళకి 83వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది.

దీని బదులు: స్టేషన్‌కి వెంటనే వెళ్ళండి, బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో అడగండి, ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి. పిల్లాడి అసలు వయసు పత్రాలు దగ్గర పెట్టుకోండి. ప్రతి వాయిదాకీ తల్లో తండ్రో పక్కన ఉండండి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

8. "తండ్రి లేని పిల్లాడు అంతే, తల్లి పెంపకం అలాంటిది"

ఈ మాటని సలహాగా ఎవరూ చెప్పరు గానీ దీని ఫలితం సలహా లాంటిదే: వాళ్ళని పట్టించుకోకండి, మీ పిల్లల్ని వాళ్ళింటికి పంపకండి అని. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికల్లో పట్టుబడిన మైనర్లలో అత్యధికులు తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవాళ్ళే. దిక్కులేనివాళ్ళే నేరస్థులవుతారన్న నమ్మకం అక్కడే వీగిపోతుంది.

జోన్ మెకార్డ్ కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అబ్బాయిల ఇళ్ళని కూడా పరిశీలించింది. తండ్రి లేకపోయినా ప్రేమగా చూసుకునే తల్లి ఉన్న ఇళ్ళల్లో నేరాల్లోకి వెళ్ళిన పిల్లలు తక్కువే. ఇద్దరూ ఉండి రోజూ కొట్లాడుకునే ఇళ్ళల్లో ఎక్కువ. ఒంటరి తల్లిని వేలెత్తి చూపించేవాళ్ళు ముందు తమ ఇంట్లో రాత్రిళ్ళు గొంతులు ఎంత లేస్తున్నాయో వినాలి. తాగి వచ్చి తల్లిని కొట్టే తండ్రి పక్కనే ఉన్నా పిల్లాడికి కాపు ఉన్నట్టు కాదు.

దీని బదులు: ఆ ఇంటికి చేతనైన సాయం చేయండి. ఒంటరి తల్లి రాత్రి షిఫ్టుకి వెళ్ళాల్సొస్తే ఆ పిల్లాడు మీ ఇంట్లో మీ పిల్లలతో కూర్చుని హోంవర్క్ చేసుకోనివ్వండి. మేనమామలూ బాబాయిలూ పండక్కి కొత్త బట్టలిచ్చి వెళ్ళిపోవడం కంటే, నెలకి రెండు ఆదివారాలు వాడితో గడపడం ఎక్కువ మేలు.

ఇంకో సలహా వచ్చినప్పుడు

రేపు మరెవరో తొమ్మిదో సలహా తెస్తారు. దాన్ని తూచడానికి పరిశోధనలన్నీ చదవక్కర్లేదు. పైన చెప్పిన ఎనిమిది తప్పుల్లోనూ ఉన్న పోలిక చూడండి. కొట్టడం, బెదిరించడం, హాస్టల్‌కి తోలడం, టీసీ ఇవ్వడం, తప్పు వేరేవాళ్ళ మీద వేయడం, పట్టించుకోకపోవడం, కప్పిపుచ్చడం, వెలివేయడం. ఒక్కొక్కటీ పిల్లాడికీ వాడిని ఎరిగిన పెద్దవాళ్ళకీ మధ్య దూరం పెంచుతుంది, లేకపోతే వాడు చేసిన పనికీ వాడికీ మధ్య దూరం పెంచుతుంది. పిల్లాడు నిలదొక్కుకోవడానికి ఈ రెండు దగ్గరితనాలూ కావాలి. ఇల్లూ బడీ వాడిని వదలకూడదు, వాడు తన తప్పుని తప్పించుకోకూడదు. ప్రేమ ఒక్కటే చాలదు, క్రమశిక్షణ ఒక్కటే చాలదు.

కాబట్టి ఎవరు ఏ సలహా ఇచ్చినా రెండే ప్రశ్నలు వేయండి. ఇది చేస్తే రేపు మావాడు నాతో ఇంకాస్త మాట్లాడతాడా? తను చేసిన నష్టాన్ని తనే సరిదిద్దుకుంటాడా? రెండింటికీ అవునని జవాబొస్తే చేయండి. ఏ ఒక్కదానికి కాదని వచ్చినా, చెప్పింది ఎంత దగ్గరివాళ్ళైనా, ఆ సలహాని పక్కన పెట్టండి. పక్కన పెట్టి, ఈ వారమే పిల్లాడి క్లాస్ టీచర్‌ని వెళ్ళి కలవండి. వాడి మీద వచ్చిన ఫిర్యాదులు వినడంతో ఆగిపోకుండా, వాడికి ఏ పాఠం అర్థం కావడం లేదో, ఏ పనిలో వాడు బాగుంటాడో అడిగి రాసుకుని రండి. ఇంట్లో చేయాల్సిన పని ఆ కాగితం నుంచే మొదలుపెట్టొచ్చు.